పాత బేస్ గిటారుకు మరమ్మతు మొదలుపెట్టే ముందు

వేసవి సెలవుల్లో అటక మీది దెబ్బతిన్న బేస్ గిటారును దించి బాగుచేయాలనుకుంటున్న విజయవాడ మిత్రులు ముందుగా ఇవి చూసుకోండి.

నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ భాగం) విరిగి ఉంటే వెంటనే జిగురు పూయకండి. జిగురు లేకుండానే క్లాంపులు బిగించి, పగులు పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. పాత జిగురు మిగిలి ఉంటే కొత్తది కలపలోకి ఇంకదు. క్షణాల్లో అంటుకునే జిగురు అసలే వద్దు: వంకరగా అతికితే సరిదిద్దే వ్యవధి ఉండదు. నాలుగు తీగలూ కలిసి సుమారు 75 కిలోల బలంతో లాగుతాయి. బలహీనమైన అతుకు మళ్లీ విడిపోతుంది, ఈసారి కలప పీచులతో సహా.

ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చేయకండి. లోపల తెగితే ఫ్రెట్ బోర్డు (నెక్ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) ఊడదీయాల్సిందే. కదిలితే, తీగలు వదులు చేసి, ఒక్కసారికి పావు చుట్టు తిప్పితే చాలు.

వైర్లు విప్పేముందు ఫోటో తీసుకోండి.

పాత రంగులో సీసం ఉండవచ్చు. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఆరుతుందని మే నెల ఎండలో డాబా మీద పెట్టకండి. కలప వంగుతుంది, అతుకుల జిగురు మెత్తబడుతుంది.

లక్కర్ (కలప మీద వేసే మెరుపు వార్నిష్) పూత తొలకరికి ముందే ముగించండి. గాలిలో తేమ పెరిగితే పూత తెల్లగా మసకబారుతుంది. ఆటోనగర్‌లో కార్లకు రంగు వేసేవారికి ఇస్తే, నెక్ పగుళ్లలో పుట్టీ నింపవద్దని గట్టిగా చెప్పండి. పుట్టీ పగులును దాచుతుందే తప్ప బరువు మోయదు.

తీగలు కొనేముందు నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీతల్లో పన్నెండోది) వరకు కొలవండి. 17 అంగుళాలుంటే లాంగ్ స్కేల్, 15 అయితే షార్ట్ స్కేల్ తీగలు.