వేడి టైరులో గాలి తీయకండి

ఎండాకాలం ఇచ్ఛాపురం నుంచి విశాఖ వైపు హైవే మీద వెళ్లేవాళ్లు గాలి ఇంటి దగ్గరే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది; చిన్న కార్లకి ఎక్కువగా 30–35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). టైరు మీద అచ్చేసి ఉండేది గరిష్ఠం, అది పెట్టకూడదు. నరసన్నపేటలో ఆగి కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది వేడికి పెరిగింది, దయచేసి తీయించకండి. పేలుతుందని భయపడి తగ్గిస్తారు గానీ, గాలి తక్కువైతేనే టైరు పక్కభాగం ప్రతి చుట్టుకీ నలిగి ఇంకా వేడెక్కుతుంది. ఎక్కువగా పేలేది అలాంటి టైరే.

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, పోయినట్టే. బయట నుంచి చూస్తే తెలీదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బండి ఆపి, టార్చి వేసి చూడండి. రబ్బరు అరిగి లోపలి ఉక్కు తీగ బయటపడితే ఆ టైరు ఇక వాడొద్దు. అలైన్‌మెంట్ చేయించే ముందు టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీళ్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టుకునే కింది చేతికి ఉండే రబ్బర్లు) మెకానిక్‌కి చూపించండి. అవి వదులుగా ఉంటే ఎంత బాగా చేసినా అలైన్‌మెంట్ నిలవదు.