పాత జెమ్ రేజరుకు సరైన బ్లేడు

మా తాతగారి ట్రంకుపెట్టెలో వెండిలా మెరిసే చిన్న డబ్బా ఒకటి ఉండేది. ఒక మూత లోపల సానరాయి, రెండో మూత లోపల తోలు, నడుమ కత్తి. పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతుంటే కత్తి తోలు మీద పొర్లుతూ పదునెక్కేది. ఆ చప్పుడుతోనే ఇంట్లో తెల్లవారేది. అది ఇంగ్లండులో తయారైన రోల్స్ రేజరు అని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత. వర్జీనియాలో స్థిరపడ్డాక, స్టాంటన్ ఊళ్ళో ఒక పాత సామాన్ల దుకాణంలో అచ్చం అలాంటిదే కనబడింది. దాని పక్కనే 18 డాలర్ల చీటీతో, ఒకే అంచున్న బ్లేడుతో పనిచేసే జెమ్ మైక్రోమాటిక్ రేజరు ఉంది. తాతగారి గుర్తుగా మొదటిది చేతిలోకి తీసుకున్నాను గానీ, చివరికి కొన్నది రెండోదాన్ని. పదకొండేళ్ళుగా నా గడ్డం దానితోనే గీసుకుంటున్నాను.

ఈ మధ్య చదువు కోసం ఇక్కడికి వచ్చిన మా మేనల్లుడు, "మావయ్యా, అయిదు బ్లేళ్ళ రేజరుతో మెడంతా కురుపులవుతోంది, నీ పాతవాటిలో ఒకటి ఇవ్వవా" అని అడిగాడు. ఇచ్చాను. కానీ రేజరు చేతిలో పెట్టి ఊరుకుంటే సరిపోదు. వాడికి నాలుగు ఆదివారాలు దగ్గరుండి చూపించిందే ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్ళలో అందరికీ తెలిసినది రెండంచుల బ్లేడు. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, పనామా పొట్లాలు గూట్లో లేని ఇల్లు ఉండేది కాదు. ఒకే అంచు రేజరు అంతకంటే పాతది. 1880లో న్యూయార్కులో కాంఫే సోదరులు పేటెంటు తీసుకున్న స్టార్ రేజరుతో ఈ వంశం మొదలైంది. మంగలి కత్తిలోంచి చిన్న ముక్క కోసి, దానికి పిడీ, చర్మానికి అడ్డంగా ఒక కంచే పెడితే ఎలా ఉంటుందో అది అలా ఉండేది. ఆ కత్తిముక్కను రోజూ తోలు మీద నూరుకోవాల్సిందే. 1903లో జిల్లెట్ పలచని రెండంచుల బ్లేడును అమ్మకానికి తెచ్చాక నూరడం అనే పనే పోయింది. జెమ్, ఎవర్‌రెడీ కంపెనీలు కూడా వాడి పారేసే బ్లేడుకు మారాయి గానీ మందాన్ని వదులుకోలేదు. జెమ్ బ్లేడు సుమారు 0.23 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండంచుల బ్లేడు 0.1 మిల్లీమీటరే. పలచని బ్లేడును రేజరు తల వంచి బిగిస్తే గాని నిలబడదు. జెమ్ బ్లేడు తన బలంతో తానే నిలబడుతుంది, గట్టి వెంట్రుక తగిలినా వణకదు. మా మేనల్లుడిలాగా దట్టమైన గడ్డం, సున్నితమైన మెడ ఉన్నవాళ్ళకు ఇది హాయిగా ఉండడానికి కారణం అదే.

కొనేటప్పుడు మెరుపు చూడకండి. రేజరు తల ముందు భాగంలో, బ్లేడు రెండు మూలలూ వచ్చి ఆనే చోట, రెండు చిన్న కొమ్ములు ఉంటాయి. బ్లేడు ఎంతవరకు బయటికి రావాలో అవే నిర్ణయిస్తాయి. ఒకటి అరిగినా వంగినా వాదర, అంటే బ్లేడు పదునైన అంచు, వంకరగా కూర్చుంటుంది, అలాంటి రేజరు చెంపకు ఒక పక్క గీరుతుంది, రెండో పక్క అసలు తెగదు. అందుకే నేను పాత సామాన్ల దుకాణానికి వెళ్ళినప్పుడల్లా జేబులో ఒక కొత్త బ్లేడు, అట్టముక్కలో చుట్టి, తీసుకెళతాను. దుకాణదారును అడిగి అక్కడే వేసి చూస్తాను. వాదరకూ కంచెకూ మధ్య సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకేలా ఉండాలి. కంచె పళ్ళలో ఒక్కటి విరిగినా వద్దు. పూత అక్కడక్కడ పోయినా ఫరవాలేదు, అది ముఖానికి తెలియదు.

ఇంటికి తెచ్చాక కడగడంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. లోపల ఇత్తడి కదా అని చింతపండు పెట్టి తోమబోతారు. దయచేసి ఆ పని చేయకండి. పైన ఉన్న నికెల్ పూత, కొన్నింటికి బంగారు పూత, చాలా పలచన. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా రుద్దితే ఎనభై ఏళ్ళ నాటి నురగ కూడా ఊడి వస్తుంది. ఆ తరువాత స్పిరిటులో ముంచి ఆరబెట్టండి. పిడి ప్లాస్టిక్ లేదా బేకలైట్ అయితే మరగబెట్టవద్దు.

ఇక బ్లేడు. అసలు కథంతా ఇక్కడే ఉంది. నేను మొదటి వారమే రక్తం చిందించి నేర్చుకున్నాను. జెమ్ కొన్న మర్నాడు ఇనుప సామాన్ల దుకాణంలో, వెన్ను మీద మడత రేకుతో, అచ్చం అదే కొలతలో ఉన్న బ్లేళ్ళు కనబడ్డాయి. ధర చవక. రేజరులో చక్కగా కూర్చుంది కూడా. గడ్డం కింద రెండో గీతకే చర్మం లేచిపోయింది, అరగంట రక్తం ఆగలేదు. అవి అద్దాల మీద ఎండిన రంగు గీకే బ్లేళ్ళు. కొలత ఒకటే, వాదర నూరే పద్ధతి వేరు. గాజు మీద మన్నడానికి నూరిన వాదర వేరు, చెంప మీద జారడానికి నూరిన వాదర వేరు. రేజరులో పట్టింది కదా అని ఏ బ్లేడునూ నమ్మవద్దు.

జెమ్ కుటుంబానికి, అంటే జెమ్, ఎవర్‌రెడీ పేర్లున్న రేజర్లకు, నేను మొదట చెప్పేది పర్సోనా వారి పూత ఉన్న స్టెయిన్‌లెస్ జెమ్ బ్లేడు. పెట్టె మీద స్టెయిన్‌లెస్ అనీ, పీటీఎఫ్‌ఈ పూత అనీ రెండు మాటలూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ పూత నాన్‌స్టిక్ పెనానికి వేసేదే. వాదర వెంట్రుకను పట్టి లాగకుండా జారేలా చేస్తుంది. ఈ బ్లేళ్ళు తయారయ్యే వెరోనా ఊరు వర్జీనియాలోనే ఉంది, నేనుండే రిచ్‌మండ్ నుంచి కారులో సుమారు రెండు గంటల దూరం. ఈ బ్లేళ్ళు చేస్తూ వచ్చిన అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ బ్రూక్లిన్ నుంచి 1950లలో ఆ చుట్టుపక్కలకు తరలివచ్చింది. నేను రేజరు కొన్న స్టాంటన్ దానికి పొరుగూరే.

పూత లేని కార్బన్ ఉక్కు బ్లేళ్ళు కూడా దొరుకుతాయి. మొదటి రోజు వాటి పదును చాలా బాగుంటుంది, కాదనను. కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. గీసుకున్న వెంటనే బ్లేడు బయటికి తీసి, కడిగి, ఆరబెట్టే ఓపిక ఉంటేనే వాడండి. నాకు అవి రెండు మూడు సార్లకు మించి రావు, పూత ఉన్నవి వారం దాకా వస్తాయి. పాత రేజరుతో పాటు డబ్బాలో వచ్చే ఆనాటి బ్లేళ్ళ పొట్లాలు చూడముచ్చటగా ఉంటాయి, వాటిని చూసుకోవడానికే ఉంచుకోండి.

రెండంచుల బ్లేడును మధ్యకు విరిచి జెమ్‌లో పెట్టే ప్రయత్నం చేయకండి. దానికి వెన్ను లేదు, పట్టు కుదరదు, మధ్యలో జారుతుంది. అలాగే జపానువారి ఫెదర్ ఆర్టిస్ట్ క్లబ్ బ్లేళ్ళు చాలా గొప్పవే, అయితే అవి వేరే రకం రేజర్ల కోసం చేసినవి.

జెమ్ కాకుండా మీ చేతికి షిక్ ఇంజెక్టర్ వస్తే దాని బ్లేడు వేరు, సన్నగా పొడవుగా ఉంటుంది. అమెరికా సైన్యంలో పనిచేసిన జేకబ్ షిక్, తుపాకీలోకి తూటాలు వరసగా ఎక్కే తీరు చూసి ఈ రేజరును ఊహించాడు. బ్లేళ్ళ డబ్బా కొనలో ఉన్న తాళంచెవి లాంటి ముక్కను రేజరు పక్కన ఉన్న కన్నంలో దూర్చి మీట తోస్తే, కొత్త బ్లేడు లోపలికి వెళ్ళి పాతదాన్ని బయటికి నెడుతుంది. వేళ్ళు వాదరను తాకనే తాకవు. చూపు మందగించిన పెద్దవాళ్ళకు నేను జెమ్ కంటే దీన్నే సూచిస్తాను. వ్యాలెట్ ఆటోస్ట్రాప్ అనే మరో పాత రేజరు దొరికితే ఫెదర్ ఎఫ్‌హెచ్‌ఎస్-10 బ్లేడు సరిపోతుంది. రోల్స్ రేజరుది మాత్రం వేరే దారి, అందులో ఉన్న కత్తినే కాపాడుకుని నూరుకోవాలి.

మైక్రోమాటిక్‌లో బ్లేడు పెట్టడం సులువు. పిడి అడుగున ఉన్న గుండ్రటి మరను తిప్పితే తల మీది మూత లేస్తుంది. వెన్ను వెనక్కి, వాదర ముందుకు ఉండేలా బ్లేడును పక్కలు పట్టుకుని జార్చి, మరను తిరిగి బిగించాలి. బిగిసే ముందు ఒక్క క్షణం ఆగి, రెండు మూలలూ కొమ్ములకు ఆనాయో లేదో చూడండి. మర మొరాయిస్తే బలం ఉపయోగించవద్దు. బ్లేడు వంకరగా ఉందని అది చెబుతోంది, తీసి మళ్ళీ పెట్టండి. 1912 నాటి పాత నమూనాలో మర ఉండదు, మూతను వేలితో వెనక్కి తెరిచి బ్లేడు పెట్టి నొక్కి మూయాలి.

గీసుకోవడం స్నానం అయ్యాకే. సబ్బు నురగను కుంచెతో రెండు నిమిషాలు తిప్పి తిప్పి పట్టించండి, డబ్బా నురగ వద్దు. ఇప్పుడు పట్టు. రెండంచుల రేజరుకు అలవాటు పడ్డవాళ్ళు పిడిని కిందికి వాల్చి పట్టుకుంటారు. జెమ్ అలా వినదు. తల పైభాగాన్ని చెంప మీద బల్లపరుపుగా ఆనించండి, పిడి చెంప నుంచి దాదాపు నిటారుగా బయటికి ఉంటుంది. అక్కడి నుంచి పిడిని కొంచెం కొంచెంగా కిందికి దించుతూ, రెండు సెంటీమీటర్ల చిన్న గీతలు గీయండి. ఎక్కడ వెంట్రుక తెగుతున్న చప్పుడు మొదలవుతుందో అక్కడ ఆపండి, అదే మీ కోణం. మందపాటి బ్లేడు కాబట్టి ఆ గరగర స్పష్టంగా వినబడుతుంది. స్నానాలగదిలో ఫ్యాను ఆపేయమని మా మేనల్లుడికి చెప్పింది అందుకే. చెవితో నేర్చుకోవాల్సిన పని ఇది.

చేతి బలం వద్దు. రేజరు బరువే చాలు. ఎడమ చేత్తో చర్మాన్ని కాస్త సాగదీసి, మొదటి విడత వెంట్రుక పెరిగే వైపుకే గీయండి. మెడ దగ్గర అది ఒక్కొక్కరికి ఒక్కో దిక్కు. ముందురోజే మునివేళ్ళతో తడిమి చూసుకోండి, ఎటు గరుకుగా తగిలితే వెంట్రుక దానికి ఎదురు దిక్కున పెరుగుతోందని గుర్తు. మా వాడి మెడ మీద ఎడమ పక్క వెంట్రుక అడ్డంగా పెరుగుతోంది. ఇన్నాళ్ళూ కింది నుంచి పైకి లాగుతున్నాడు, కురుపులు రాక ఏమవుతాయి? రెండో విడత మళ్ళీ నురగ పెట్టి అడ్డంగా గీయవచ్చు. ఎదురు గీత మొదటి నెల మానుకోండి. ముక్కు కింద జెమ్ తల పెద్దదిగా అనిపిస్తుంది, పై పెదవిని పళ్ళ మీదికి లాగి, నడుమ నుంచి కాక పక్కల నుంచి మొదలుపెట్టండి. జెమ్ ప్రకటనలు 1930లలో సాయంత్రం అయిదింటికి మొలిచే గరుకు గడ్డం గురించి అమెరికాను బాగా బెదిరించాయి. ఆ బెదురుతో ఒకే పూటలో అద్దంలా చేయాలనుకోకండి, ఆ ఆత్రమే చర్మాన్ని లేపేస్తుంది.

చివర చన్నీళ్ళు, ఆపైన పటిక. మా ఊళ్ళో క్షవరం చేసే ఆయన పొదిలోంచి తీసి రాసిన పటికే, ఈనాటికీ దానికి మించినది నాకు దొరకలేదు. తడి ముఖం మీద నెమ్మదిగా రుద్దండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ చేయి బరువు పడిందని లెక్క. మొదటి ఆదివారం మా మేనల్లుడికి దవడ ఎముక పొడవునా మండింది. నాలుగో ఆదివారానికి గడ్డం గుంట దగ్గర తప్ప ఎక్కడా మండలేదు.

గీయడం అయ్యాక బ్లేడు తీయకుండా మర సగం వదులు చేసి, కుళాయి కింద కడిగి, విదిలించి, నిలబెట్టండి. వాదరను తువ్వాలుతో తుడవకండి. చప్పుడు మొద్దుబారి వెంట్రుక లాగుతున్నట్టు అనిపించిన రోజే బ్లేడు మార్చాలి, ఇంకొక్క పూట అనుకోవద్దు. వారానికి ఒకటి చొప్పున నూరు బ్లేళ్ళ పెట్టె దాదాపు రెండేళ్ళు వస్తుంది. విజయవాడలో మా బావమరిదికి జెమ్ ఒకటి ఇచ్చాక, వెళ్ళినప్పుడల్లా ఒక పెట్టె పట్టుకెళుతున్నాను. బ్లేళ్ళను చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు, పెద్ద పెట్టెలో వేయండి. వాడేసిన బ్లేళ్ళ కోసం పాత కాఫీ డబ్బా మూతకు సన్నని చీలిక కోసి ఉంచుకోండి. చెత్త ఎత్తేవాళ్ళ చేతులకు అవి తగలకూడదు. నిండాక మూత చుట్టూ టేపు వేసి, లోపల బ్లేళ్ళున్నాయని పైన పెద్ద అక్షరాలతో రాసి పారేయండి.