కొత్త హార్డ్ డిస్క్ లైనక్స్‌లో కనిపించడం లేదా? పని ఎక్కడ ఆగిందో పట్టుకోండి

కొత్త డిస్క్ కనిపించలేదని వెంటనే వాపసు పంపేయకండి. చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. కేబుల్, పార్టిషన్ (డిస్క్‌లో చేసే భాగం), ఫైల్ సిస్టమ్ (అందులో ఫైళ్లు అమర్చే పద్ధతి), మౌంట్ (దాన్ని ఒక ఫోల్డర్‌కు కలపడం) వరుసలో ఎక్కడో పని ఆగిపోయి ఉంటుంది. (కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.)

ముందు టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కొట్టండి, డిస్కుల జాబితా వస్తుంది. జాబితాలో డిస్క్ లేకపోతే కంప్యూటర్ ఆపి, డేటా, పవర్ కేబుళ్లు రెండూ తీసి మళ్లీ బిగించండి. మదర్‌బోర్డులో వేరే పోర్టుకు మార్చి చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు.

డిస్క్ కనిపిస్తే, సీరియల్ నంబరును స్టిక్కర్ మీదున్న దానితో సరిచూసుకోండి. లైనక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీఏ (sda), ఎస్‌డీబీ (sdb) పేర్లు రీబూట్ తర్వాత తారుమారు కావచ్చు. పేరును నమ్మి ఫార్మాట్ చేస్తే పాత డిస్క్‌లోని ఫొటోలన్నీ పోవచ్చు.

పార్టిషన్ టేబుల్‌గా (డిస్క్‌లోని భాగాల పట్టిక) జీపీటీనే ఎంచుకోండి. మామూలు డిస్కుల్లో పాత పద్ధతి ఎంబీఆర్ 2 టీబీ దాటి పనికిరాదు. 4 టీబీ డిస్క్ 3.6 అని చూపిస్తే కంగారు వద్దు. కంపెనీ 1000తో లెక్కిస్తే, సిస్టమ్ 1024తో లెక్కిస్తుంది.

ఈఎక్స్‌టీ4 (ext4) ఫైల్ సిస్టమ్‌ను మొత్తం డిస్క్ అయిన ఎస్‌డీబీ మీద కాదు, దాని మొదటి పార్టిషన్ ఎస్‌డీబీ1 మీద చేయండి (మీ డిస్క్ పేరు వేరైతే ఆ పేరే వాడండి). మౌంట్ చేసేటప్పుడు 'రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అని వస్తే, తరచుగా ఆ 1 మరిచిపోయి ఉంటారు, లేదా ఫైల్ సిస్టమే చేసి ఉండరు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్‌కు (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) అట్టిపెడుతుంది. 4 టీబీలో అది 200 జీబీ! ఫైళ్లు దాచుకునే డిస్కే అయితే ట్యూన్2ఎఫ్ఎస్ (tune2fs) కమాండ్‌తో 1 శాతానికి దించేయండి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఎఫ్ఎస్‌ట్యాబ్ (/etc/fstab, బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైలు) దగ్గరే. అందులో ఎస్‌డీబీ1 అని రాయకండి, బీఎల్‌కేఐడీ (blkid) కమాండ్ చూపించే యూయూఐడీ (ఆ ఫైల్ సిస్టమ్‌కు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) రాయండి. ఆప్షన్లలో 'డిఫాల్ట్స్,నోఫెయిల్' (defaults,nofail), చివర 0 2 పెట్టండి. నోఫెయిల్ లేకపోతే, డిస్క్ ఊడిన రోజు సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. రీబూట్‌కు ముందే 'మౌంట్ -ఏ' కొట్టండి, తప్పుంటే అక్కడే బయటపడుతుంది. అప్పటికే ఎమర్జెన్సీ మోడ్‌లో ఇరుక్కుంటే రూట్‌గా లాగిన్ అయి, 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /' (mount -o remount,rw /) కొట్టి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో మీరు రాసిన లైను ముందు # పెట్టి రీబూట్ చేయండి. రూట్ ఖాతా లాక్ అయి ఉంటే లైవ్ యూఎస్‌బీతో (లైనక్స్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి అదే మార్పు చేయాలి.

మౌంట్ అయినా ఫైళ్లు రాయలేకపోతున్నారా? కొత్త ఫైల్ సిస్టమ్ రూట్ పేరిట ఉంటుంది. 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇవ్వకుండా, మౌంట్ అయ్యాక chown కమాండ్‌తో ఆ ఫోల్డర్‌ను మీ పేరిట మార్చుకోండి.