ప్రభుత్వ విచారణలో జవాబు రాని ప్రశ్నల్ని ఎలా పట్టుకోవాలి?

ఏదైనా రాజకీయ కుంభకోణం మీద విచారణ వేశారంటే మొదటి వారం అందరం టీవీకి అతుక్కుపోతాం, ఆర్నెల్లకి మర్చిపోతాం, చాలామంది నాయకులు ఆ మరుపు మీదే బతికేస్తుంటారు. మర్చిపోకుండా ఉండాలంటే కొంచెం ఓపిక కావాలి, అంతే.

ముందు విచారణ వేసిన ఉత్తర్వు తెచ్చుకుని చదవండి, ఏం తేల్చమన్నారు, ఏ కాలం వరకు చూడమన్నారు అన్నది అందులోనే ఉంటుంది. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో 2009లో మొదలైన చిల్కాట్ విచారణ రిపోర్ట్ 2016 జులైలో గానీ రాలేదు, అంత పెద్ద రిపోర్ట్‌లో కూడా యుద్ధం చట్టబద్ధమా కాదా అన్నది తేల్చలేదు, అది కోర్టు తేల్చాల్సిన విషయం అన్నారు. అంటే కొన్ని ప్రశ్నలు మొదటి నుంచీ గీత బయటే ఉంటాయన్నమాట, వాటిని వేరే పేజీలో రాసుకోండి.

తర్వాత ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో తేదీ, అడిగిందెవరు, ఎవర్ని అడిగారు, వాళ్ళు ఏమన్నారు అన్నది ఉన్నదున్నట్టు ఎక్కించండి. ఇక్కడే జాగ్రత్త! "గుర్తులేదు" అంటే "కాదు" అని కాదు, "విచారణ నడుస్తోంది కాబట్టి మాట్లాడలేం" అంటే జవాబు వాయిదా పడిందని అర్థం, కాబట్టి విచారణ అయిపోయిన రోజు అదే ప్రశ్న మళ్ళీ అడగాలి.

ఇప్పుడు అసలు పని, ప్రతి ప్రశ్న వెనక ఏ కాగితం, ఏ రికార్డింగ్ ఉండి ఉంటుందో వెతకడం. అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్‌ని చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణంలో 1973 జులైలో బటర్‌ఫీల్డ్ అనే మాజీ వైట్‌హౌస్ అధికారి అక్కడ మాటలన్నీ టేపుల్లో రికార్డవుతాయని చెప్పేశాక కథ మొత్తం తిరిగింది, ఆ టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆగస్టులో నిక్సన్ దిగిపోయాడు. అయినా ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయి ఉన్నాయి, అందులో ఏముందో ఇప్పటికీ తేలలేదు.

సమాచార హక్కు లాంటి చట్టం ఉన్నచోట "మొత్తం వివరాలు ఇవ్వండి" అని రాయకండి, ఫలానా తేదీ మీటింగ్ మినిట్స్ (అక్కడ ఏం మాట్లాడారో రాసిపెట్టిన కాగితం) అని అడగండి. వాళ్ళు "ఇవ్వం" అంటే ఏ సెక్షన్ కింద ఇవ్వట్లేదో రాతపూర్వకంగా తీసుకుంటే అప్పీలుకి పనికొస్తుంది.

వాట్సాప్ పుకార్లని ఈ లిస్ట్‌లో కలపొద్దు. అలాగే ఆధారాలతో జవాబు వచ్చేసిన ప్రశ్నని, ఆ జవాబు మనకి నచ్చకపోయినా సరే, కొట్టేసి మిగిలినవాటి మీదే కూర్చోండి.