కడుపుతో ఉన్నప్పుడు వైరల్ జ్వరమొస్తే లంఖణాలు వద్దు

బెజవాడైనా గుంటూరైనా, జ్వరం అనగానే ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మాట "లంఖణం పరమౌషధం". మామూలు మనిషికి ఒక పూట చెల్లుతుందేమో గానీ గర్భిణికి అస్సలు చెప్పకండి.

ఐదో నెల దాటాక మావి నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు, చక్కెర ముందు బిడ్డకు అందాలి కదా, అందుకని తల్లి ఒళ్లు కొవ్వు కరిగించుకుని నెట్టుకొస్తుంది. ఇక తిండి మానేస్తే, పైగా వాంతులు కూడా ఉంటే కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) చాలా త్వరగా పెరుగుతాయి. ఇదొక వైపు. ఇంకో వైపు, వైరస్ మీద పోరాటంలో పెరిగే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను షుగర్‌ను పైకి తోస్తుంది, కాబట్టి గర్భంలో షుగర్ ఉన్నవాళ్లకు సరిగా తినకపోయినా రీడింగ్ ఎక్కువ రావచ్చు. అలాగని ఇన్సులిన్ సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు ఫోన్ చేసి డోసు అడగండి.

రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా జావ, ఇడ్లీ, మజ్జిగన్నం, ఏది లోపలికి పోతే అది. మూత్రం తగ్గినా, బిడ్డ కదలికలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి.

జ్వరం 100.4 దాటితే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. మెడికల్ షాపులో ఇచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. 20 వారాలు దాటాక అవి ఉమ్మనీరు తగ్గించవచ్చు, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు కూడా. ఆ డెంగీలో జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే అసలు ప్రమాదం మొదలయ్యేది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినట్టు వరదొస్తే నీళ్లు కాచే తాగాలి. నీటితో వచ్చే 'హెపటైటిస్-ఇ' అనే కామెర్ల జబ్బు గర్భిణికి చివరి మూడు నెలల్లో ప్రాణం మీదకు తెస్తుంది. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం ఊళ్లు తిరగొద్దు.

కాన్పుకు ముందు జ్వరమొచ్చిన సంగతి పిల్లల డాక్టరుకు తప్పక చెప్పండి. డెంగీ బిడ్డకూ సోకవచ్చు. తల్లి షుగర్ మావి దాటి వెళ్తే బిడ్డ సొంత ఇన్సులిన్ ఎక్కువ చేసుకుంటుంది, బొడ్డు కోయగానే షుగర్ పడిపోతుంది. అందుకే మొదటి గంటలోనే పాలు పట్టాలి. తల్లికి హెపటైటిస్ బి ఉంటే 12 గంటల్లోపు టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయించాలి.

జలుబు, ఫ్లూ ఉన్నా తల్లిపాలు ఆపక్కర్లేదు, చేతులు కడుక్కుని మాస్కు పెట్టుకుంటే సరి. అత్తగారు పాలడబ్బా తెప్పించేలోపే ఈ మాట చెప్పెయ్యండి.