జాంగోలో ఇంపోర్టులు తేలిక చేసుకోవడం: మోడల్స్ ఫైలును ప్యాకేజీగా విడగొట్టే పద్ధతి

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, ఒక టేబుల్‌ను మరో టేబుల్‌తో కలిపే ఫారిన్‌కీ క్లాసు నిజంగా ఉండేది జాంగో.డీబీ.మోడల్స్.ఫీల్డ్స్.రిలేటెడ్ అనే ఫైల్లో. క్వెరీలు రాయడానికి వాడే క్యూ క్లాసు క్వెరీ_యుటిల్స్‌లో, ఎఫ్ క్లాసు ఎక్స్‌ప్రెషన్స్‌లో ఉంటాయి. రోజూ వాడే మనకు ఆ సంగతితో పనే పడదు. "ఫ్రమ్ జాంగో.డీబీ ఇంపోర్ట్ మోడల్స్" అని ఒక్క లైను రాస్తే చాలు. ఆ ప్యాకేజీలోని __ఇనిట్__.పీవై ఈ పేర్లన్నిటినీ గుమ్మంలోకి తెచ్చి పెడుతుంది. అందుకే లోపల ఫైళ్లు అటూ ఇటూ మారినా మన కోడ్ చెదరదు.

మన సొంత యాప్‌కూ ఇదే ఏర్పాటు చేసుకోవచ్చు. షాప్ అనే యాప్ ఉందనీ, దాని మోడల్స్.పీవై (డేటాబేస్ టేబుళ్లను వర్ణించే మోడల్ క్లాసులుండే ఫైలు) రెండు వేల లైన్లు దాటిందనీ అనుకుందాం. (కోడ్‌ను పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాం. ఎడిటర్లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.)

ముందు "మేనేజ్.పీవై మేక్‌మైగ్రేషన్స్ --చెక్ --డ్రై-రన్" నడపండి. "నో ఛేంజెస్ డిటెక్టెడ్" అని వస్తేనే మొదలుపెట్టండి. మోడళ్లలో మార్పు చేసి మైగ్రేషన్ (డేటాబేస్‌ను మార్చే ఫైలు) ఇంకా రాయని పాత బాకీలు ఉండగా దిగితే, తర్వాత కనిపించే తేడా మీ విడగొట్టుడు వల్ల వచ్చిందో, ముందునుంచీ ఉందో తేలదు. 4.2 కంటే పాత జాంగోలో --చెక్ ఒక్కటే ఇస్తే మైగ్రేషన్ ఫైలు తయారైపోతుంది. అందుకే రెండూ కలిపి ఇవ్వడం మంచిది.

ఇక షాప్ కింద మోడల్స్ అనే ఫోల్డరు చేసి, పాత ఫైలును "గిట్ ఎంవీ"తో మోడల్స్/ఆర్డర్స్.పీవైగా జరపండి. తర్వాత కస్టమర్ క్లాసును కస్టమర్స్.పీవైకి, పేమెంట్ క్లాసును పేమెంట్స్.పీవైకి తరలించండి. పాత మోడల్స్.పీవైని కాపీ చేసి అక్కడే వదిలేయకండి. ఒకే పేరుతో ఫోల్డరూ ఫైలూ రెండూ ఉంటే పైథాన్ ప్యాకేజీనే తీసుకుంటుంది. పాత ఫైల్లో ఎవరైనా మార్పులు చేసినా అవి ఎక్కడా పనిచేయవు, ఎర్రర్ కూడా రాదు.

మోడల్స్/__ఇనిట్__.పీవైలో మూడు లైన్లు వస్తాయి: "ఫ్రమ్ .కస్టమర్స్ ఇంపోర్ట్ కస్టమర్", "ఫ్రమ్ .ఆర్డర్స్ ఇంపోర్ట్ ఆర్డర్, ఆర్డర్‌లైన్", "ఫ్రమ్ .పేమెంట్స్ ఇంపోర్ట్ పేమెంట్". వాటి కింద __ఆల్__ జాబితాలో ఈ నాలుగు పేర్లూ రాయండి. ఆ జాబితా ఉంటే రఫ్ లాంటి లింటర్లు (కోడ్‌లో లోపాలు పట్టే పనిముట్లు) ఇవి వాడని ఇంపోర్టులంటూ ఎఫ్401 హెచ్చరిక ఇవ్వవు. "ఇంపోర్ట్ *" మాత్రం వద్దు. ఫైల్లో __ఆల్__ లేకపోతే, అండర్‌స్కోర్‌తో మొదలవని ప్రతి పేరూ బయటికి వచ్చేస్తుంది. ఆర్డర్స్.పీవై తన పనికోసం ఇంపోర్ట్ చేసుకున్న టైమ్‌జోన్ కూడా షాప్.మోడల్స్ నుంచే దొరుకుతుంది, ఎవరో ఒకరు దాన్ని అక్కణ్నించే తెచ్చుకుంటారు, మీరు ఆర్డర్స్.పీవైని శుభ్రం చేసిన రోజు వాళ్ల కోడ్ ఆగిపోతుంది.

ఎక్కువమంది చిక్కుకునేది ఈ తర్వాతి చోట. గుమ్మం బయటివాళ్ల కోసం. ఇంట్లోవాళ్లు వంటింట్లోంచి హాల్లోకి రావడానికి వీధిలోకి వెళ్లి రారు కదా! ఆర్డర్స్.పీవైలో "ఫ్రమ్ షాప్.మోడల్స్ ఇంపోర్ట్ పేమెంట్" అని రాశారనుకోండి. పైథాన్ ముందు __ఇనిట్__ చదవడం మొదలుపెట్టింది, రెండో లైన్లో ఆర్డర్స్‌లోకి వెళ్లింది, అది మళ్లీ షాప్.మోడల్స్‌ని అడిగింది. ఆ మాడ్యూలు అప్పటికే సిస్.మాడ్యూల్స్‌లో (పైథాన్ లోడ్ చేసిన మాడ్యూళ్ల జాబితాలో) నమోదై ఉంది, కానీ సగమే నిండింది. పేమెంట్ పేరు చేరేది మూడో లైన్లో. "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అనే ఎర్రర్ అర్థం ఇదే. లోపలి ఫైళ్లు ఒకదాన్నొకటి నేరుగా, "ఫ్రమ్ .కస్టమర్స్ ఇంపోర్ట్ కస్టమర్" అన్న తీరులోనే అడగాలి.

రెండు మోడళ్లకు పరస్పరం సంబంధం ఉంటే ఇంపోర్టే అక్కర్లేదు. ఫారిన్‌కీకి క్లాసు బదులు "షాప్.కస్టమర్" అని కోట్స్‌లో పేరు ఇస్తే చాలు, మోడళ్లన్నీ లోడయ్యాక జాంగోయే కలుపుకుంటుంది. మెథడ్‌లో అవతలి క్లాసు కావాల్సి వస్తే ఇంపోర్టును ఆ మెథడ్ లోపల రాయండి. టైప్ హింట్ల కోసమే అయితే టైప్_చెకింగ్ షరతు కింద పెట్టండి. ఇన్ని చేశాక __ఇనిట్__ లైన్ల క్రమాన్ని తలకిందులు చేసి చూడండి. క్రమం మారగానే యాప్ విరిగిందంటే లోపల ఎక్కడో ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకునే వలయం ఇంకా మిగిలే ఉంది. లైన్ల క్రమాన్ని కాపాడుతూ కూర్చోవడం కంటే ఆ వలయాన్ని తెంచడమే మేలు.

ఇప్పుడు మళ్లీ మేక్‌మైగ్రేషన్స్ తనిఖీ. మోడళ్లు ఫైలు మారినా యాప్ మారలేదు కాబట్టి టేబుల్ పేర్లు మారవు, కొత్త మైగ్రేషన్ ఏదీ రాకూడదు. "డిలీట్ మోడల్ పేమెంట్" అని కనిపిస్తే ఆగండి. జాంగో చదివేది షాప్.మోడల్స్‌నే. __ఇనిట్__ గానీ, మరో ఫైలు గానీ పేమెంట్స్.పీవైని తెరవకపోతే ఆ మోడల్ ఉన్నట్టే దానికి తెలియదు. చూసుకోకుండా మైగ్రేట్ కొడితే టేబులూ, అందులోని డేటా పోతాయి.

మోడళ్లు కాని పేర్లను కూడా మరవకండి. ఫైల్‌ఫీల్డ్ అప్‌లోడ్_టుకి ఇచ్చిన ఫంక్షన్లు, వాలిడేటర్లు పాత మైగ్రేషన్లలో "షాప్.మోడల్స్.బిల్_పాత్" అనే పూర్తి చిరునామాతో రాసి ఉంటాయి. వాటినీ __ఇనిట్__లోకి తేకపోతే జాంగో పాత మైగ్రేషన్ ఫైళ్లను చదివేటప్పుడు, అంటే మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ లాంటివి నడిపినప్పుడు, ఆట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది.

ఇంపోర్టు దారిని ఇంకా కురచ చేద్దామని షాప్/__ఇనిట్__.పీవైలోనే మోడళ్లను ఇంపోర్ట్ చేయకండి. యాప్‌లన్నీ నమోదు కాకముందే ఆ ఫైలు నడుస్తుంది కాబట్టి "యాప్స్ ఆరంట్ లోడెడ్ యెట్" అని ఆగిపోతుంది. సిగ్నల్స్ (సేవ్ లాంటివి జరిగినప్పుడు నడిచే ఫంక్షన్లు) ఇంపోర్టు యాప్‌కాన్ఫిగ్‌లోని రెడీ మెథడ్‌లో ఉండాలి.

వెనకాల పనులు నడిపే సెలరీ లైబ్రరీ వాడుతూ టాస్క్స్.పీవైని కూడా ఇలాగే విడగొడితే ఒక అదనపు జాగ్రత్త ఉంది. టాస్క్ పేరు మాడ్యూల్ దారి నుంచే పుడుతుంది. షాప్.టాస్క్స్.సెండ్_బిల్ కాస్తా షాప్.టాస్క్స్.మెయిల్.సెండ్_బిల్ అయిపోతుంది. క్యూలో అప్పటికే ఉన్న పాత పేరు సందేశాలను కొత్త వర్కరు గుర్తించదు, "అన్‌రిజిస్టర్డ్ టాస్క్" అని లాగ్ రాసి పారేస్తుంది. షేర్డ్_టాస్క్ డెకరేటర్‌కు నేమ్ ఆర్గ్యుమెంటుగా పాత పేరే ఇవ్వండి.

టెస్టుల్లో ప్యాచ్ (అసలు ఫంక్షన్ చోట నకిలీది పెట్టడం) దారులు ఒకసారి వెతకండి. ఆర్డర్స్.పీవై లోపల పిలిచే బిల్_నంబర్ ఫంక్షన్‌ను "షాప్.మోడల్స్.బిల్_నంబర్" అని ప్యాచ్ చేస్తే గుమ్మంలోని పేరే మారుతుంది, లోపల అసలు ఫంక్షనే నడుస్తుంది. దాన్ని వాడే చోటు, అంటే "షాప్.మోడల్స్.ఆర్డర్స్.బిల్_నంబర్"ను ప్యాచ్ చేయాలి.

మీ ప్యాకేజీని ఇతరులు కూడా వాడుతుంటే, ఎత్తేసిన దారిని వెంటనే తీసేయకండి. పాత ఫైల్లో మాడ్యూల్ స్థాయి __గెట్‌ఆట్ర్__ ఫంక్షన్ రాసి (పైథాన్ 3.7 నుంచి ఉంది), కొత్త చోటినుంచి పేరు తెచ్చి ఇస్తూ డిప్రికేషన్‌వార్నింగ్ ఇవ్వండి. జాంగో కూడా జాంగో.కోర్.యూఆర్ఎల్‌రిజాల్వర్స్‌ను 2016లో 1.10తో జాంగో.యూఆర్ఎల్స్‌కు మార్చి, పాత దారిని 2017 డిసెంబరులో వచ్చిన 2.0లో తొలగించింది. ఈ హెచ్చరికలు మామూలుగా తెరమీద కనిపించవు. "పైథాన్ -డబ్ల్యూ ఎర్రర్::డిప్రికేషన్‌వార్నింగ్" అని టెస్టులు నడిపితే పాత దారి పట్టిన ప్రతి చోటా ఎర్రరై ఆగుతుంది. ఆ లైన్లన్నీ మార్చాక, ముందే ప్రకటించిన వెర్షన్‌లో పాత ఫైలు తీసేయండి.