నువ్వా, మీరా? ఉద్యోగం చూసి కాదు, వయసు చూసి తేల్చుకోండి

తెలుగులో "రా" అంటే ఒకటి, "రండి" అంటే ఇంకొకటి. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్ళకి మనం ఎంత విలువిస్తున్నామో బయటపడిపోతుంది, తప్పించుకునే దారి తక్కువ. మన అపార్ట్‌మెంట్లలో పాతికేళ్ళ కుర్రాడు తండ్రి వయసున్న వాచ్‌మన్‌ని "నువ్వు" అంటాడు, ఆఫీసుకెళ్ళి తన ఈడు మేనేజర్‌ని "మీరు" అంటాడు. ఇది పెంపకంలో వచ్చిన అలవాటు, పట్టుదల ఉంటే మార్చుకోవచ్చు.

నోటిదాకా "నువ్వు" వచ్చినప్పుడు ఒక్కటే చూసుకోండి: ఇదే వయసు మనిషి బ్యాంకులో ఆఫీసర్ అయ్యుంటే ఏమనేవాళ్ళం? జవాబు "మీరు" అయితే ఇక్కడా అదే.

ఉత్తి "మీరు"తో పని అయిపోదు, క్రియ కూడా మారాలి. "గేటు తియ్యండి" అన్నా అది ఆజ్ఞే. "కాస్త గేటు తీస్తారా?" అనండి, అడిగినట్టు ఉంటుంది. "దయచేసి" తగిలించక్కర్లేదు, అది బోర్డుల మీదా రైల్వే అనౌన్స్‌మెంట్లలోనూ బాగుంటుంది గానీ ఇంట్లో అంటే విసుక్కున్నట్టు వినిపిస్తుంది. "కాస్త", "కొంచెం" చాలు.

"అయ్యా" ఎక్కడ పడుతుందో కూడా గమనించండి. "అయ్యా, నా ఫైలు ఎంతవరకు వచ్చిందండీ?" అని కౌంటర్ ఇవతలి మనిషి అంటాడు, "ఏంటయ్యా, రేపు రమ్మన్నానుగా" అని అవతలి మనిషి అంటాడు. ముందుంటే గౌరవం, వెనక అతుక్కుంటే అధికారం. "అమ్మా", "ఏమ్మా" కూడా అంతే. మీరు కౌంటర్ అవతల కూర్చునేవాళ్ళయితే ఈ "ఏంటయ్యా" ఒక్కటి మానేసి చూడండి, వచ్చినవాళ్ళ ముఖంలో టెన్షన్ సగం తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మనిషి ఎదురుగా లేనప్పటి మాట. "పనిమనిషి ఏది?" "అది ఇంకా రాలేదు." మగవాళ్ళకి "వచ్చాడు" అని వేరే క్రియ ఉంది, ఆడవాళ్ళ విషయంలో "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" రెండిటికీ క్రియ ఒకటే, కాబట్టి మర్యాదంతా ఆ "ఆమె", "ఆవిడ" అన్న మాట మీదే నిలబడి ఉంది. అదీ తీసేస్తే ఇంకేం మిగిలింది? పేరు పెట్టి "లక్ష్మిగారు రాలేదు" అనండి, పక్కన పిల్లలు వింటున్నారు. ఊళ్ళలో పెద్ద వయసు కూలీ పేరు చివర "గాడు" తగిలించడం, ఆసామి ఇంటి పసివాడు ఆయన్ని "ఒరేయ్" అనడం వెనక ఉన్నది కులమే, అలవాటని కొట్టిపారేయకండి. ఎస్సీ, ఎస్టీలని నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా.

అలాగని ప్రతి "నువ్వు"కీ కోపం తెచ్చుకోకూడదు. గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లాడికీ "అండి" తగిలిస్తారు, తెలంగాణలో "అన్నా, నువ్వు ఎప్పుడొస్తవ్?" అంటే గౌరవం ఆ "అన్నా"లోనే ఉంటుంది. గోదావరివాళ్ళు తెలంగాణకొచ్చి "ఏకవచనంతో పిలిచాడు" అని నొచ్చుకోవడం చూస్తుంటాం. వరస కలిపి, గొంతు మెత్తగా ఉంటే అది చిన్నచూపు కాదు.

ఏమనాలో బొత్తిగా తేలకపోతే "భోజనం అయిందా?", "ఏ ఊరు?", "ఎప్పుడు రావడం?" అనండి. వీటిలో నువ్వూ లేదు, మీరూ లేదు.

ఏళ్ళ తరబడి "నువ్వు" అన్న మనిషిని హఠాత్తుగా "మీరు" అంటే వాళ్ళే ఇబ్బంది పడతారు, "నన్ను మీరు అనకండమ్మా" అంటారు. అప్పుడు బలవంతం చెయ్యకండి, సంజాయిషీలూ ఇవ్వకండి. వయసుని బట్టి "అక్కా" అనో "బాబాయ్" అనో వరస కలపండి, ఆ తర్వాత "నువ్వు" అన్నా పరవాలేదు.